సర్వర్లు పడిపోయిన రోజు అమెరికా ప్రయాణం: అమ్మానాన్నల చేతిలో ఉండాల్సినవి

2024 జులై 19న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను ఆపేసిన రోజది. 2025 సెప్టెంబరులో చెక్-ఇన్ సాఫ్ట్‌వేర్ మీద సైబర్ దాడి జరిగితే లండన్ హీత్రో, బ్రసెల్స్, బెర్లిన్ ఎయిర్‌పోర్టుల్లో మళ్లీ చేతిరాతే దిక్కయింది. అదే ఏడాది ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు పోయి కార్డు మెషీన్లు మూగబోయాయి. జేబులో నోట్లు ఉన్నవాళ్లకే సరుకు దొరికింది. అంతకు పదహారు రోజుల ముందు, ఏప్రిల్ 12న, మన దగ్గర యూపీఐ కొన్ని గంటలు పడిపోయింది. 2021 అక్టోబరు 4న వాట్సాప్ ఆరు గంటల పాటు పనిచేయలేదు.

ఒక్కోసారి ఒక్కోటి చెడిపోతోంది కానీ ప్రయాణికుడు చేసుకోవాల్సిన ఏర్పాటు మాత్రం ఒకటే. కౌంటర్లో ఉన్న ఉద్యోగికి రోజూ స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో, అది కాగితం మీద మన దగ్గర ఉండాలి. సిస్టమ్ ఆగినప్పుడు ఆయన పంపనని మొండికేయడు, పంపడానికి కావాల్సిన వివరం ఆయన దగ్గర లేక ఆగుతాడు. ఆ వివరం అందించగలిగిన వాళ్ల పని ముందు అవుతుంది. పిల్లల దగ్గరికి మొదటిసారి అమెరికా వెళ్లే పెద్దవాళ్లను, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాం. వాళ్లకు సరిపోయే ఏర్పాటు ఇంకెవరికైనా సరిపోతుంది.

టికెట్ కొనేటప్పుడే

దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ, ఎటు పంపినా మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. విశాఖ నుంచి హైదరాబాద్‌కు చవగ్గా వచ్చిందని వేరే టికెట్ కొంటే, ఆ మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండో విమానం వాళ్లకు మీతో సంబంధం ఉండదు. టికెట్ పోయినట్టే. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో చోటు చూపించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు కారులో ముందురోజే హైదరాబాద్ చేరుకోవడం ఇంతకంటే నయం.

విమానం మారడానికి మధ్యలో మూడు నుంచి ఐదు గంటలు ఉండేలా చూడండి. గంటన్నర వ్యవధి మామూలు రోజున సరిపోతుంది, చేత్తో పని నడిచే రోజున సరిపోదు. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది కాబట్టి నాలుగు గంటలకు తగ్గకూడదు. మీ ఊరికి ఆ ఎయిర్‌లైన్ రోజుకు ఎన్ని విమానాలు నడుపుతుందో కూడా చూడండి. ఒక్కటే ఉంటే, అది తప్పితే మళ్లీ రేపే. రెండు మూడు నడిచే న్యూయార్క్ లాంటి చోటికి వెళ్లి అక్కడినుంచి మారడం ఒక్కోసారి మంచి ఎత్తు.

టికెట్ చేతికొచ్చాక దాని మీద రెండు నంబర్ల సంగతి చూసుకోవాలి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ అందరికీ తెలుసు. ఏజెంటు ఇచ్చే పీఎన్ఆర్, ఎయిర్‌లైన్ సొంత పీఎన్ఆర్ వేర్వేరుగా ఉండొచ్చు. రెండూ అడిగి రాసుకోండి. అంతకంటే ముఖ్యమైనది 13 అంకెల ఈ-టికెట్ నంబరు. అందులో మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌ను చెబుతాయి: ఎయిరిండియా 098, ఎమిరేట్స్ 176, ఖతార్ ఎయిర్‌వేస్ 157, లుఫ్తాన్సా 220, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 125. పీఎన్ఆర్ సీటు బుక్ అయిందని మాత్రమే చెబుతుంది. డబ్బు కట్టి టికెట్ తీసుకున్నారనడానికి ఈ 13 అంకెలే రుజువు. బుకింగ్ తెరుచుకోని రోజున, వేరే ఎయిర్‌లైన్‌కు మార్చాల్సి వచ్చిన రోజున కౌంటర్లో అడిగేది దీన్నే. ఫోన్లో స్క్రీన్‌షాట్ మీద నంబరు సగం కోసుకుపోయి ఉంటుంది, పీడీఎఫ్ మొత్తం ప్రింటు తీయించండి.

వీల్‌చెయిర్ అడిగి ఉంటే అది టికెట్ ప్రింటులో కనిపించాలి. దానికి కోడ్‌లు ఉంటాయి. మెట్లు ఎక్కగలిగి దూరం నడవలేని వాళ్లకు డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా ఎక్కలేని వాళ్లకు డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా మోసుకెళ్లాల్సిన వాళ్లకు డబ్ల్యూసీహెచ్‌సీ. సిస్టమ్ నడవకపోతే వీల్‌చెయిర్ సిబ్బంది దగ్గర జాబితా ఉండదు. ప్రింటులో ఆ కోడ్ కింద గీత గీసి చూపిస్తే మాట్లాడాల్సిన పని తగ్గుతుంది.

ఫైలు

బటన్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి కొని, కాగితాలు అడిగే వరుసలో పెట్టండి. పైన పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సు, వీసా పేజీ జిరాక్సు. తర్వాత రానూపోనూ టికెట్. తర్వాత పిల్లల ఇంటి చిరునామా జిప్ కోడ్‌తో, ఇద్దరి ఫోన్ నంబర్లు +1తో సహా, పక్కింటి స్నేహితుడిదో ఆఫీసుదో మూడో నంబరు. తర్వాత ఇన్సూరెన్స్ పాలసీ, దాని మీది 24 గంటల ఫోన్ నంబరు. చివర మందుల చీటీ. ఇలాంటి సెట్టు రెండు చేయించి ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నాన్న దగ్గర ఉంచండి. ఇద్దరి కాగితాలూ నాన్న బ్యాగులోనే పెట్టడం మన ఇళ్లలో అలవాటు. వీల్‌చెయిర్ సిబ్బంది ఇద్దరినీ చెరో దారిన తీసుకెళ్తే అమ్మ చేతిలో ఏమీ ఉండదు. అసలు పాస్‌పోర్టులు కూడా ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.

డిజీలాకర్లో ఉన్నాయి కదా అనుకోవద్దు, దానికి ఇంటర్నెట్ కావాలి. ముఖం చూసి లోపలికి పంపే డిజీయాత్ర దేశంలో తిరిగే విమానాలకే. అవే కాగితాల పీడీఎఫ్‌లు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ఉన్నట్టు. చాలామంది గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ఫోన్‌లో ఉందనుకుంటారు.

ఫైలుకు తోడు, అరచేతిలో పట్టేంత అట్టముక్క ఒకటి మెడలో వేసుకునే పర్సులోనో జాకెట్ జేబులోనో ఉండాలి. దాని ఒక వైపు ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో పేరు, వెళ్లే ఊరు, మారే ఊరు, రెండు విమానాల నంబర్లు, పిల్లల ఫోన్లు, "నాకు తెలుగు మాత్రమే వచ్చు, దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి" అన్న వాక్యం. రెండో వైపు అదే తెలుగులో. ఇంగ్లిష్ వైపు ఎదుటివారికి చూపించడానికి, తెలుగు వైపు తాము చూపిస్తున్నదేమిటో అమ్మకు తెలియడానికి. ఏం రాసుందో తెలియని కాగితాన్ని ఎవరూ ధైర్యంగా చూపించలేరు.

మందులు, డబ్బు, ఫోను

చేత్తో సామాను విడదీసే రోజున పెట్టెలు వెనకబడతాయి. అందుకే మందులన్నీ క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి. షీట్ల నుంచి మాత్రలు తీసి డబ్బాల్లో పోయకండి, పేరున్న షీటే మందుకు గుర్తు. మూడు నెలలకు సరిపడా మందులు, డాక్టరు చీటీలో కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరూ ఉండాలి. డోలో అంటే అక్కడి మందుల షాపులో అర్థం కాదు. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఇన్సులిన్ వాడేవాళ్లు చీటీ బయటికి తీసి పెట్టుకోండి. 100 మిల్లీలీటర్ల నిబంధన నుంచి మందులకు మినహాయింపు ఉంది. షుగరున్న వాళ్లకు 24 గంటలు గడిచేలా బిస్కెట్లు, చెగోడీలు, వేయించిన పల్లీలు పెట్టండి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోకే. రెండు మూడు రోజులు పెట్టె ఎండలో పడి ఉన్నా కారకుండా సీసా మూతకు టేపు, దాని మీద రెండు కవర్లు. దిగాక ఆహార పదార్థాలున్నాయని కస్టమ్స్‌లో చెప్పాలి.

డబ్బు మూడు రకాలుగా ఉండాలి. నోట్లు, ముందే డాలర్లు నింపుకునే ఫోరెక్స్ కార్డు, ఇంకో బ్యాంకు కార్డు. రెండు కార్డులూ ఒకే నెట్‌వర్క్‌వి కాకుండా ఒకటి వీసా, ఒకటి మాస్టర్‌కార్డు అయితే ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుంది. భారతీయ కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఇంట్లో ఉండగానే బ్యాంకు యాప్‌లో ఆన్ చేయాలి. ఎయిర్‌పోర్టులో యాప్ తెరుచుకోకపోతే ఆ కార్డు ఉన్నా లేనట్టే. నోట్లు మనిషికి 300 డాలర్లు చాలు, కానీ 20, 10, 5, 1 డాలర్లుగా ఉండాలి. వంద నోటిస్తే, కార్డులు నడవని రోజున ఎవరి దగ్గరా చిల్లర దొరకదు. ఫోరెక్స్ దుకాణంలో గట్టిగా అడగకపోతే వందలే ఇస్తారు. సగం ఒంటి మీద, సగం బ్యాగులో. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు 3,000 డాలర్ల వరకు నోట్లుగా తీసుకెళ్లొచ్చు కాబట్టి ఇందులో ఇబ్బందేమీ లేదు.

ఇండియా సిమ్‌ను రీఛార్జ్ చేసి రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించండి. బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే. ఈ-సిమ్ తీసుకుంటే ఇంట్లో వైఫై మీదే ఎక్కించండి, దిగాక ఎక్కిద్దామంటే దానికే ఇంటర్నెట్ కావాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, గూగుల్ మ్యాప్స్‌లో మీరు చేరే ఊరి మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. జీమెయిల్ బ్యాకప్ కోడ్‌లు పది వస్తాయి. ఫోన్ పోయినా మెయిల్ తెరవడానికి అవే గతి, ప్రింటు తీసి ఫైల్లో కాకుండా వేరేచోట పెట్టండి. పవర్ బ్యాంకు క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెడితే తీయించేస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్స్, 100 లోపు కాబట్టి అనుమతి ఉంటుంది. విమానంలో వాడనివ్వని ఎయిర్‌లైన్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, ముందే నిండా చార్జ్ చేసుకోండి.

వాట్సాప్ పడిపోయినా మామూలు కాల్, ఎస్సెమ్మెస్ నడవొచ్చు. "వాట్సాప్ పోతే మామూలు ఫోన్ చేయాలి" అని చెప్పడం మనకు వింతగా అనిపిస్తుంది కానీ వీడియో కాల్ తప్ప ఇంకోటి చేయని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. +1తో నంబరు నొక్కి ఒకసారి చేయించి చూడండి. అది కూడా కుదరకపోతే ఎక్కడ కలవాలో ముందే తేల్చుకోవాలి: అంతర్జాతీయ ప్రయాణికులు బయటికొచ్చే తలుపు ఎదురుగా, అక్కడే కుర్చీలో, ఎంతసేపైనా. టాక్సీ ఎక్కకూడదు, అపరిచితుల కారు ఎక్కకూడదు. పిల్లలే అక్కడికి వస్తారు. ఈ మాట నోటితో చెప్పి ఊరుకోకుండా అట్టముక్క మీద కూడా రాయండి.

ఎయిర్‌పోర్టులో స్క్రీన్లు ఆగితే

గల్ఫ్ వైపు విమానాలు హైదరాబాద్ నుంచి చాలామటుకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. 15వ తేదీ తెల్లవారుజామున రెండున్నర విమానమంటే 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే శంషాబాద్‌లో ఉండాలి. తేదీ తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది, చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లోనూ ఇక్కడే జరుగుతుంది.

అంతకు ముందురోజే ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసి, పాస్‌పోర్టు వివరాలు, అమెరికాలో ఉండబోయే చిరునామా ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో నింపేయండి. అమెరికా వెళ్లే ప్రతి ప్రయాణికుడి వివరాలు విమానం కదిలేలోపు ఆ దేశ సరిహద్దు శాఖకు చేరి అనుమతి రావాలి. అది ఆలస్యమైతే సీటు ఉన్నా ఎక్కనివ్వరు. ముందురోజే పంపేస్తే కౌంటర్లో ఒక పని తగ్గుతుంది. ఆ బోర్డింగ్ పాస్ కూడా ప్రింటు తీసుకోండి. సిబ్బంది చేతికి ప్రయాణికుల జాబితా కాగితం వస్తే, మీ పేరు పక్కన సీటు నంబరు అప్పటికే ఉండటం మేలు.

చేత్తో రాసిన పాస్ ఇస్తే కౌంటర్ వదలకుండా అక్కడే నిలబడి చదవండి. పేరు పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే ఉందా. ఇంటిపేరు, పేరు అటూఇటూ అయి, తొందరలో రాసేటప్పుడు ఒకటి ఎగిరిపోతుంది. విమానం నంబరు, తేదీ, బయలుదేరే ఊరు, చేరే ఊరు, సీటు, గేటు. సీటు నంబరు మీ ఇద్దరికీ ఒకటే రాలేదని చూసుకోండి. సీట్ల పటం చూసి చేత్తో కేటాయించేటప్పుడు ఒకే సీటు ఇద్దరికి పడటం మామూలే. గేటు రాయకుండా ఖాళీ వదిలితే అడిగి రాయించుకోండి. బోర్డులు ఆగి ఉంటే గేటు మారినా మీకు తెలియదు, అరగంటకోసారి సిబ్బందిని అడగాలి. సెక్యూరిటీ దగ్గర ఆ కాగితం మీద ముద్ర పడిందో లేదో కూడా చూసుకోండి.

రెండో విమానానికి పాస్ ఇక్కడ ఇవ్వకపోవచ్చు. అలాంటప్పుడు దోహాలోనో దుబాయ్‌లోనో దిగగానే ట్రాన్స్‌ఫర్ డెస్కుకు వెళ్లాలి, ఈ-టికెట్ ప్రింటు చాలు.

అసలు తిప్పలు పెట్టె ట్యాగ్ దగ్గర. మామూలుగా ట్యాగ్ మీద పదంకెల బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని చదివి కన్వేయర్ తనంతట తానే పెట్టెను సరైన విమానం వైపు తోస్తుంది. చేత్తో రాసిన ట్యాగ్‌ను యంత్రం చదవలేదు. ఎవరో ఒకరు వంగి చదివి, బండిలో వేయాలి. అందుకే ట్యాగ్ మీద చివరి ఊరి మూడక్షరాల కోడ్ ఉందో లేదో చూడండి. షికాగో వెళ్లేవాళ్లకు ఓఆర్‌డీ అని ఉండాలి. దోహా కోడ్ డీఓహెచ్ మాత్రమే ఉంటే పెట్టె దోహాలోనే దిగిపోతుంది, ట్రాన్సిట్లో ఉన్నవాళ్లు బయటికెళ్లి తెచ్చుకోవడం కష్టం. మీకిచ్చే చిన్న ముక్క మీద కూడా అదే కోడ్ ఉండాలి. దాన్ని పాస్‌పోర్టులో దాచి, పెట్టె, ట్యాగ్ కలిపి ఫొటో తీసుకోండి. పాత ప్రయాణాల ట్యాగులు, స్టిక్కర్లు ఇంట్లోనే పూర్తిగా చించేయాలి. పైన ట్యాగ్ ఊడిపోయినా తెలిసేలా పెట్టె లోపల, బట్టల పైన ఒక కాగితం పెట్టండి: పేరు, విమానాల నంబర్లు తేదీలతో, పిల్లల చిరునామా, ఫోన్. పెట్టె తెరిచినవాళ్లకు మొదట అదే కనపడాలి.

మధ్యలో చిక్కుకుపోతే ఎయిర్‌లైన్ డెస్కు దగ్గర క్యూలో ఒకరు నిలబడండి, అదే సమయంలో అమెరికాలోని పిల్లలు ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయాలి. ఆ దేశం వీసా లేకపోతే హోటల్‌కు బయటికి పంపకపోవచ్చు, ట్రాన్సిట్ హాల్లోనే రాత్రి గడపాల్సి రావొచ్చు. శాలువా, ఒక జత బట్టలు, ఖాళీ స్టీలు సీసా క్యాబిన్ బ్యాగులో పెట్టమనడం అందుకే. సీసాలో నీళ్లు సెక్యూరిటీ దాటాక నింపుకోవాలి.

దిగాక

అబుదాబిలోనే తనిఖీ అయిపోయినవాళ్లు తప్ప మిగతావాళ్లు మామూలుగా అమెరికాలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. వాటి ట్యాగ్ చేతిరాతదైతే అప్పగించే చోట కొత్తది అడగండి.

ఇమిగ్రేషన్ కంప్యూటర్లు కూడా ఆగుతాయి. 2019 ఆగస్టు 16న అమెరికా అంతటా ఆగి ప్రయాణికులు గంటల తరబడి నిలబడ్డారు. ఆ రోజున అధికారి పాస్‌పోర్టు మీద ముద్ర వేసి, ఎప్పటి వరకు ఉండొచ్చో చేత్తో రాస్తే, బల్ల దగ్గర నుంచి కదలకముందే ఆ తేదీ చదవండి. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకిచ్చే బీ2 వీసాకు మామూలుగా ఆరు నెలలిస్తారు. నెల తప్పు రాసినా, వేరే వీసా రకం రాసినా అక్కడే వినయంగా చెబితే అప్పుడే దిద్దుతారు. ఇంటికెళ్లాక ఆ ముద్ర ఫొటో తీసి, నాలుగైదు రోజులకు ఐ-94 (ఎప్పుడొచ్చారో, ఎప్పటి వరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) వెబ్‌సైట్లో చూడండి. రికార్డు లేకపోయినా, తేదీ తేడా ఉన్నా డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేయించుకోవచ్చు. దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఆ తప్పు తేదీనే లెక్కలోకి తీసుకుని గడువు దాటి ఉన్నారని రాసే ప్రమాదం ఉంది. తర్వాతి వీసాకు అది అడ్డం పడుతుంది. ఈ మొత్తంలో తర్వాత దిద్దుకోవడం కష్టమైనది ఇదొక్కటే కాబట్టి ఇంతగా చెబుతున్నాం.

పెట్టె రాకపోతే బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్లో ఫిర్యాదు రాయించి, పీఐఆర్ అనే కాగితం, దాని నంబరు తీసుకోండి. పెట్టె పగిలితే వచ్చిన రోజు నుంచి 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికి అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. ఈలోపు కొన్న బట్టలు, సబ్బుల బిల్లులు దాచండి.

విమానం రద్దయి, వాళ్లిచ్చిన వేరే విమానం మీకు పనికిరాకపోతే, అమెరికాకు వచ్చే పోయే విమానాలకు పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఆరు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకున్నా అంతే. వోచర్ ఇస్తామంటే తీసుకోవాల్సిన పని లేదు. యూరప్ నుంచి బయలుదేరే విమానమైతే, కారణం ఏదైనా తిండి, రాత్రికి గది ఇవ్వాల్సింది ఎయిర్‌లైనే. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు ఆలస్యాన్ని ధ్రువీకరించే ఉత్తరం కావాలి. కౌంటర్ దగ్గరున్నప్పుడే అడగండి, తర్వాత మెయిల్లో తెప్పించుకోవడం వారాల పని. పాలసీ కొనేటప్పుడే మినహాయింపుల పేజీలో సైబర్ అనే మాట ఉందేమో వెతకండి. ఉంటే, సర్వర్లు పడిపోయిన ఆలస్యానికి డబ్బు వస్తుందా రాదా అని మెయిల్లో అడిగి, ఆ జవాబు ప్రింటు కూడా ఫైల్లో పాలసీ వెనకే పెట్టండి.